సగటు, మధ్యగతం, మా డెలివరీ హెడ్ గారు

కోస్తాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పాను. ఇంగ్లీషు మీడియం వాళ్ళకి మీన్, మీడియన్, మోడ్. తెలుగు మీడియం వాళ్ళకి సగటు, మధ్యగతం, బాహుళకం. రెండు మీడియంల వాళ్ళూ పరీక్ష రాసి, హాలు గుమ్మం దాటేలోపు అన్నీ మర్చిపోయేవాళ్ళు. దానివల్ల దేశానికి ఏ నష్టమూ జరగలేదు.

తర్వాత మా ఆయనకి బదిలీ అయి హైదరాబాదు వచ్చాం. చందానగర్లో కాపురం, హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో నాకు ఉద్యోగం. అక్కడ అవే మాటలు పెద్దవాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు మర్చిపోలేదు. నష్టం అక్కడ మొదలైంది.

ఇప్పుడు మీలో చాలామంది అదే దారిలో, అలాంటి మేడల్లోనే, అవే అంకెల బొమ్మలు, అదే చార్టులు, గీస్తూ ఉంటారు. అందుకని ఆ ఒక్క సంగతి చెబుతాను. పేర్లు చెప్పను. వాళ్ళలో కొందరు ఇప్పుడు పెద్ద పదవుల్లో ఉన్నారు, నా పెన్షన్‌తో వాళ్ళకి సంబంధం లేకపోయినా అలవాటుకొద్దీ భయం.

మా కంపెనీ డయాలసిస్ సెంటర్లకి సాఫ్ట్‌వేర్ నడిపేది. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళు వారంలో రెండు మూడు సార్లు వచ్చి, మిషను పక్కన కుర్చీలో గంటల తరబడి కూర్చుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళతారు. ఎవరు ఏ రోజు, ఏ పూట, ఏ కుర్చీలో కూర్చోవాలో మా సాఫ్ట్‌వేర్ చెప్పాలి. అది మొండికేస్తే సెంటర్ వాళ్ళు మాకు ఫిర్యాదు పంపుతారు. ఫిర్యాదు అంటే వినడానికి బాగుండదని దానికి టికెట్టు అని పేరు పెట్టారు. ఏదో సినిమాకి వెళుతున్నట్టు ఉంటుంది.

టికెట్టు వచ్చిన దగ్గర్నుంచి దాన్ని సరిచేసి మూసేదాకా ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, ఎవరెంత చురుగ్గా ఉన్నారో నెలకోసారి బొమ్మ గీసి ఇవ్వడం నా పని. హోదా రిపోర్టింగ్ మేనేజర్. నా కింద ఎవరూ లేరు కాబట్టి నన్ను నేనే మేనేజ్ చేసుకునేదాన్ని. అది కూడా అంత తేలికేం కాదు.

నా పైన డెలివరీ హెడ్ గారు. మంచివాడు. చెడ్డవాళ్ళతో పనిచెయ్యడం నయం, ముందునుంచే జాగ్రత్తపడతాం. ఆయనకి జీవితంలో ఒకటే సిద్ధాంతం: స్లయిడు మీద ఒకటి కంటే ఎక్కువ అంకెలుంటే క్లయింటు ఆలోచించడం మొదలుపెడతాడు. ఆలోచించే క్లయింటు కంపెనీకి ప్రమాదం.

ఒక నెల నేనిచ్చిన బొమ్మని ఆయన తన చేత్తో కాస్త మెరుగుపరిచారు. ఒక్కో ఇంజనీరు టికెట్టు మూయడానికి సగటున ఎంతసేపు తీసుకున్నాడో చూపించే కమ్మీల చిత్రం, అదే బార్ చార్టు. కమ్మీలు సున్నా దగ్గర మొదలవ్వాలని బడి పుస్తకంలోనే ఉంటుంది. ఆయన అడుగుభాగం కోసేసి, తలలు మాత్రం ఉంచారు. దాంతో కాస్త తేడా కాస్తా కొండంత తేడా అయి కూర్చుంది. అందరివీ బుల్లి బుల్లి నీలం కమ్మీలు. వాటి మధ్య ఒకటి మాత్రం సెల్ టవర్‌లా పైకి లేచి ఉంది. దానికి ఎర్రరంగు ఆయన సొంతంగా వేశారు.

ఆ ఎర్ర కమ్మీ బాలానగర్ నుంచి వచ్చే మా టీములో అమ్మాయిది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్ఫై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. తండ్రి బాలానగర్లో లేత్ మిషను మీద పనిచేసేవాడు. ఏదన్నా పాడైతే విప్పి చూడందే నిద్రపట్టని గుణం ఆ ఇంట్లోనే అబ్బింది ఆమెకి. ఆ బొమ్మ అందరికీ చూపించిన మీటింగు అవ్వగానే నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, ఆ ఎర్రది నేనేనా?"

"నువ్వే."

"గింత పొడుగున్ననా?" అంది. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. నవ్వుదామనుకుని, ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

"నన్ను ప్లాన్‌ల పెడ్తున్నరంట. జర నిజం చెప్పున్రి మేడం, నేను పని చేస్తలేనా? నాకైతే తెలుస్తలేదు."

ప్లాన్ అంటే మీకు తెలుసు. అద్దాల మేడల్లో ఎవరినీ ఉద్యోగం నుంచి తీసెయ్యరు. మెరుగుపరుస్తారు. దానికో ప్రణాళిక ఉంటుంది. ఆ మనిషి మెరుగుపడీ మెరుగుపడీ చివరికి ఒకరోజు మెడలో బ్యాడ్జీ తీసి సెక్యూరిటీ చేతిలో పెట్టి మెట్రో ఎక్కుతాడు.

"నేను చూసి చెబుతాను, నువ్వు వెళ్ళి పని చేసుకో" అన్నాను.

చూశాను. ఆమె టికెట్లలో చాలావాటిని టీ చల్లారేలోపే మూసేసింది. కొన్ని మాత్రం రోజులకి రోజులు పట్టాయి. అవన్నీ మొదట వేరేవాళ్ళ దగ్గరికి వచ్చినవి. ముట్టుకుంటే సగటు పాడవుతుందని ఒకరి నుంచి ఒకరికి బంతిలా తన్నుకుంటూ వచ్చి, తన్నడం రాని ఈమె దగ్గర ఆగాయి. ఆ కొన్నింటి బరువుతో ఆమె సగటు మునిగింది.

మరి ఆ నెల అన్నిటికంటే పొట్టి కమ్మీ ఎవరిది? మా టాపరుది. చలాకీ కుర్రాడు, జుట్టు ఎప్పుడూ ఇప్పుడే మంగలి దగ్గర్నుంచి లేచినట్టు ఉంటుంది. మాకొచ్చే టికెట్లలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది 'పాస్‌వర్డ్ మర్చిపోయాను'. ఎక్కువసార్లు వచ్చేదాన్నే బాహుళకం అంటారు. మా టాపరు తన జీవితాన్ని బాహుళకానికి అంకితం చేశాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి పాస్‌వర్డ్ టికెట్లన్నీ ఏరుకునేవాడు, కల్లంలో పిచ్చుకలు గింజలేరుకున్నట్టు.

మధ్యాహ్నం కెఫెటీరియాలో డెలివరీ హెడ్ గారు ఒక్కరే దొరికారు. పెరుగన్నం తింటున్నారు. పెరుగన్నం తినేటప్పుడు ఏ మనిషైనా కాస్త వింటాడు.

"సార్, మీరు మియాపూర్ నుంచి రోజూ ఎంతసేపట్లో వస్తారు?"

"అరగంట. మహా అయితే ముప్పావు."

"మొన్న వాన పడ్డ రోజు?"

"అది గుర్తు చెయ్యకండి మేడం. ఆఫీసుకి వచ్చేసరికి లంచ్ అయిపోయింది."

"అలాంటి రోజులు రెండు కలిశాయనుకోండి, ఈ నెల సగటు తీస్తే గంట వస్తుంది. ఎవరన్నా అడిగితే, నాకు రోజూ ఆఫీసుకి రావడానికి గంట పడుతుందని చెబుతారా?"

"ఎందుకు చెబుతాను, అది అబద్ధం కదా."

"ఆ బాలానగర్ అమ్మాయి గురించి మనం చెబుతున్నది అదే సార్."

స్పూను గిన్నెలో ఆగింది. తెలివితక్కువవాడు కాదాయన. అప్పుడు మధ్యగతం గురించి చెప్పాను. టికెట్లన్నిటినీ త్వరగా అయినదాని నుంచి ఆలస్యమైనదాకా వరసలో నిలబెడితే, సరిగ్గా నడిమధ్యన ఏది నిలబడిందో చూస్తాం, అదే మీడియన్. చివర నిలబడ్డవాడు ఎంత లావుగా ఉన్నా మధ్యవాడికి ఏమీ కాదు. అలా చూస్తే టీము మొత్తంలో ఆమెదే పొట్టి కమ్మీ.

"అద్భుతం మేడం. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"కానీ సార్, మీడియన్ ఒక్కటే చూపిస్తే కూడా తప్పే. వాన పడ్డ రోజు కూడా మీరు రోడ్డు మీదే ఉన్నారు కదా, అది జరగలేదని అనలేం. టికెట్టుకో చుక్క పెట్టి మొత్తం పరిచి చూపిద్దాం. గుంపు ఎక్కడుందో, దూరంగా ఏవి పడ్డాయో అన్నీ కనపడతాయి."

అని, ముందే గీసి ఉంచిన బొమ్మ ఫోన్లో చూపించాను. ఎడమవైపు చుక్కలన్నీ గుంపుగా, కుడివైపు అక్కడొకటి అక్కడొకటి.

ఆయన స్పూను పక్కన పెట్టి చూశారు. "ఇదేంటి మేడం, అమ్మవారు పోసినట్టుంది. క్లయింటు భయపడతాడు. ఒక్క అంకె చాలు. మీడియన్ వేద్దాం."

తర్వాతి నెల ఎర్ర కమ్మీ మాయమైంది. బాలానగర్ అమ్మాయికి అందరి ముందూ సర్టిఫికెట్ ఇచ్చి, చప్పట్లు కొట్టించి, కేకు కోయించారు. ఆమె కేకు ముక్క నాకు తెచ్చిచ్చి, పక్కన కూర్చుంది.

"పోయిన నెల నేను దేనికి పనికిరాను మేడం. ఈ నెల బంగారం. చేసిన పనైతే గదే."

"తిను ముందు" అన్నాను.

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను కూడా ఒక మంచి పని చేశానని మనవలకి చెప్పుకునేదాన్ని. కానీ డెలివరీ హెడ్ గారికి రెండు ఆలోచనలు వచ్చాయి. ఒకటి, టీముకంతా మీడియన్ ఒక్కటే కొలత. రెండు, అంత మంచి మీడియన్ ఉన్న మనిషిని టికెట్ల మీద వృథా చెయ్యకూడదు. అందుకని ఆమెను ఎక్సలెన్స్ అని కొత్తగా పెట్టిన విభాగానికి మార్చారు. అక్కడ పని, మంచి మీడియన్ ఎలా తెచ్చుకోవాలో మిగతావాళ్ళకి స్లయిడ్లు వేసి చెప్పడం. కష్టమైన పని చేసే ఒక్క మనిషినీ ఆ పని నుంచి తప్పించి, ఆ పని గొప్పతనం మీద ఉపన్యాసాలకి పెట్టాం. మీరు నవ్వుతున్నారేమో, మీ ఆఫీసులో ఒకసారి చుట్టూ చూడండి.

కొన్నాళ్ళకి మా టాపరు నా దగ్గరికి వచ్చాడు. చాలా వినయంగా, కుర్చీ లాక్కోకుండా నిలబడే అడిగాడు.

"మేడం, జర ఒక డౌట్. మీడియన్ అంటే నడిమిట్ల ఉన్నదే కదా. మరి సగం కంటే ఎక్కువ టికెట్లు ఫాస్ట్‌గ చేసేస్తే, మిగిలినయి ఎట్లున్నా దానికి ఫరక్ పడదా?"

"పడదు. మీడియన్‌కి పడదు. ఆ మిగిలిన టికెట్లు పంపినవాళ్ళకి పడుతుంది."

"థాంక్యూ మేడం" అన్నాడు. నా రెండో వాక్యం అతని చెవిదాకా వెళ్ళిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

కాలేజీలో నా దగ్గర చదివిన ఒక్క విద్యార్థి కూడా మధ్యగతం గురించి అంత చక్కటి ప్రశ్న వెయ్యలేదు. వారం తిరక్కుండా ఆ జ్ఞానం ఫ్లోరంతా పాకింది. సగటు ఉన్న రోజుల్లో పాత టికెట్టు ఒక్కటి మురిగినా బొమ్మలో వాసన వచ్చేది, అందుకని దాన్ని ఎవరిమీదో ఒకరిమీదికి తోసేవాళ్ళు. ఇప్పుడు తోసే శ్రమ కూడా లేదు. ఎక్కడిదక్కడ ఉంచితే చాలు. వరస వెనకాల నిలబడ్డవాళ్ళు యుగాంతందాకా నిలబడొచ్చు, మధ్యవాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

నెలనెలా మీడియన్ దిగుతూ వచ్చింది. డెలివరీ హెడ్ గారి ముఖంలో కళ పెరుగుతూ వచ్చింది. నేను మూయని టికెట్లని కూడా కలిపి, ఇవాళ్టిదాకా ఎంతకాలమైందో వేసి చుక్కల బొమ్మ గీస్తూనే ఉన్నాను. ఎడమవైపు గుంపు ఇంకా ఎడమకి జరుగుతోంది. కుడివైపు చుక్కలు కాగితం దాటిపోతున్నాయి. అన్నిటికంటే చిన్నదానికీ పెద్దదానికీ మధ్య ఎడాన్ని వ్యాప్తి అంటారు. అది చూపిస్తే ఆయన నా వైపు జాలిగా చూశారు.

"అవి ఔట్‌లయర్లు మేడం. మీకు తెలియనిదేముంది. తీసేయండి."

"ఎక్కడి నుంచి సార్, బొమ్మలోంచా, సెంటర్లోంచా?"

"బొమ్మలోంచే" అన్నారు, నేను నిజంగానే అడిగాననుకుని.

నేను తీసెయ్యలేదు. కానీ ఆయన స్లయిడులో నా బొమ్మకి చోటే లేదు కాబట్టి, తీసినా తియ్యకపోయినా ఒకటే.

కుడి చివర, అన్నిటికంటే దూరంగా ఒక చుక్క ఉండేది. ముంబై హైవే పక్కన ఒక సెంటర్ నుంచి వచ్చింది. ఎండాకాలంలో వచ్చిన టికెట్టు, వానలు మొదలైనా అలాగే ఉంది. బాలానగర్ అమ్మాయి దాని గురించి నాతో రెండుసార్లు అంది.

"ఆ టికెట్టు నాకియ్యమని అడిగిన మేడం. ఎక్సలెన్స్‌ల ఉన్నరు, మీరు టికెట్లు ముట్టొద్దు అన్నడు సారు. ముట్టుకుంటే ఏమైతది, మైల పడ్తదా?"

ఆ మాట కూడా నేను పైకి చేరవేశాను. చూద్దాం అన్నారు. మా మేడలో 'చూద్దాం' అంటే కళ్ళు మూసుకోవడం.

తర్వాత క్లయింటు సమీక్ష రోజు వచ్చింది. ఆ సెంటర్లన్నిటి నిర్వహణ చూసే ఆవిడ స్వయంగా వచ్చారు. ఒకప్పుడు నర్సుగా చేరి, మెట్టు మెట్టూ ఎక్కి ఆ స్థానానికి వచ్చినావిడ. నేత చీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. గుంటూరు వైపు మాట. ఏసీ ఎక్కువగా ఉందని కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చున్నారు. బల్ల చుట్టూ డెలివరీ హెడ్ గారు, టాపరు, గోడవారగా నేను. ఎక్సలెన్స్‌కి ప్రతినిధిగా బాలానగర్ అమ్మాయి.

డెలివరీ హెడ్ గారు స్లయిడు వేశారు. తెల్లటి తెర మీద ఒకే ఒక్క అంకె, దాని కింద దిగుతున్న పచ్చ బాణం. ఆయన గొంతులో నిజమైన ఆనందం ఉంది.

ఆవిడ అంతా విన్నారు. విని, "చాలా బాగుందండి" అన్నారు. "ఇందులో మా హైవే సెంటర్ ఎక్కడుంది?"

"అన్ని సెంటర్లూ ఉన్నాయి మేడం ఇందులో."

"అన్నీ ఉన్నాయి, సరే. అదెక్కడుందో చూపించండి."

ఒక్క అంకెలో దేన్ని చూపిస్తారు? ఆయన నీళ్ళ సీసా అందుకున్నారు. ఆవిడే చెప్పుకొచ్చారు.

"ఆ సెంటర్లో ఒక మిషను పాడైతే తీసేశామండి. దాని కుర్చీ కూడా తీసేశాం. మీ సాఫ్ట్‌వేర్లో మాత్రం ఆ కుర్చీ ఇంకా ఉంది. రోజూ దానికి ఒక మనిషిని రమ్మని పిలుస్తూనే ఉంది. వాళ్ళు పాపం వస్తారు. లేని కుర్చీలో ఎక్కడ కూర్చోబెట్టమంటారు? వేరేవాళ్ళని ముందుకీ వెనక్కీ జరిపి సర్దుతున్నాం. సర్దలేని రోజు ఒకరు వరండాలో నిలబడతారు. పోయిన వారం ఒక పెద్దాయన అలా నిలబడి, నిలబడి, ఇంటికి వెళ్ళిపోయారు. తెల్లారేసరికి ఊపిరాడక ఐసీయూలో పెట్టారు."

డెలివరీ హెడ్ గారు నీళ్ళ సీసా కింద పెట్టారు.

"బతికారండి" అన్నారు ఆవిడ, మేం అడగలేదని తనే.

"చాలా విచారకరం మేడం" అన్నారు డెలివరీ హెడ్ గారు. అక్కడితో ఆగితే బాగుండేది. "కానీ లెక్కల ప్రకారం చూస్తే అది ఒక ఔట్‌లయర్."

"అంటే ఏమిటండి?"

"అంటే, అందరితో కలవకుండా దూరంగా, పక్కకి పడిపోయినది."

"అవునండి" అన్నారు ఆవిడ. "వరండాలోనే ఉన్నారు."

ఎన్నో క్లాసుల్లో ఎన్నో నిర్వచనాలు చెప్పాను నేను. అంత సూటిగా ఒక్కటీ చెప్పలేకపోయాను.

డెలివరీ హెడ్ గారు చుట్టూ చూసి, చివరికి గోడవారగా ఉన్న నా దగ్గర ఆగారు. "మేడం, మీ దగ్గర వివరాలేమన్నా ఉన్నాయా?" అన్నారు. ఉన్నాయి. అమ్మవారు పోసిన బొమ్మ తెర మీదికొచ్చింది. ఆవిడ లేచి వెళ్ళి, ఆ చుక్కల గుంపునంతా దాటుకుంటూ కుడి చివరకి నడిచి, అక్కడ వేలు పెట్టారు.

"ఇదా?"

"అదేనండి" అన్నాను.

"ఈ టికెట్టు ఎవరి దగ్గరుంది?" అని డెలివరీ హెడ్ గారు అడిగారు, మొదటిసారిగా.

"నా దగ్గరే సార్" అన్నాడు టాపరు. "కానీ నా మీడియన్..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం ఎటు వెళుతోందో అతనికే వినపడింది. పాపం, అతని చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెప్పాలంటే ఆ గదిలో సిగ్గుపడినవాడు అతనొక్కడే.

డెలివరీ హెడ్ గారు వెంటనే ఒక కమిటీ వేద్దామన్నారు. బాలానగర్ అమ్మాయి అప్పటికే లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"ఈడ కూసుంటె కాదు సార్. సెంటరుకు పోవాలె. మేడం, మీ కార్ల నన్ను తీస్కపోతరా?"

"రామ్మా" అన్నారు ఆవిడ.

నేను కూడా వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు, వద్దని అనే ధైర్యం ఆ రోజు ఎవరికీ లేదు.

సెంటరు ఒక టైల్స్ షాపు పైన ఉంది. లోపల మిషన్లు సన్నగా రొద పెడుతున్నాయి, కుర్చీల్లో మనుషులు కళ్ళు మూసుకుని ఉన్నారు. వరండాలో ఒక బెంచీ. బాలానగర్ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చున్న కాసేపటికే సంగతి తేల్చేసింది. ఆ లేని కుర్చీ పేర రాబోయే రోజులకి కూడా పేషెంట్ల పేర్లు ఎక్కి ఉన్నాయి. పేర్లున్నంతసేపూ సాఫ్ట్‌వేర్ ఆ కుర్చీని తీయనివ్వదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వాళ్ళకి వీలైన వేరే పూట అడిగి, ఉన్న కుర్చీల్లోకి మార్చాలి. అందరూ ఖాళీ అయ్యాక తీసెయ్యాలి. అంతే. ఇందులో మేధస్సేమీ లేదు, ఓపిక ఉంది. మా మేడలో మేధస్సుకి కొరత లేదు కాబట్టే దీన్నెవరూ ముట్టుకోలేదు.

ఆమె ఒక ఫోనూ, నేనొక ఫోనూ, అక్కడి నర్సమ్మ ఒక ఫోనూ పట్టుకుని కూర్చున్నాం. నేను మొదట మాట్లాడినావిడ బళ్ళో ఆయా.

"మంగళారం పొద్దుగాల కుదరదమ్మా, బడికి పోవాలె. పగటీలి అయితే వస్త" అంది. మధ్యాహ్నానికి మార్చి చెప్పాను. "ఎప్పటి నుంచో నేను గదే అడుగుతున్న. ఎవరూ మార్చలే. సల్లగుండు" అంది.

అంకెలతో అన్నేళ్ళు కాపురం చేశాను గానీ, ఒక చుక్క నాతో మాట్లాడటం అదే మొదలు. కళ్ళద్దాలు తుడుచుకునే నెపంతో కాసేపు కిటికీలోంచి హైవే చూశాను.

ఐసీయూకి వెళ్ళొచ్చిన పెద్దాయన ఆ పూట అక్కడే ఉన్నాడు, కిటికీ పక్క కుర్చీలో. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మా హడావిడి అంతా చూస్తూ, బాలానగర్ అమ్మాయిని పిలిచాడు.

"ఏందమ్మా, కంప్యూటరు బాగైతదా?"

"అయితది పెద్దనాయనా. మిమ్మల్ని ఇగ ఎవరూ నిలబెట్టరు."

"నిలబడుడు నాకేం కొత్త కాదు బిడ్డా. సర్వీసంత నిలబడ్డ. ముందుకు జరగున్రి, సీట్లు లేవు అని జనానికి చెప్పి చెప్పి నోరు పడిపోయింది. నాకు సీటు లేదని ఒకరు చెప్పుడు మాత్రం ఈడనే విన్న." నవ్వబోయి దగ్గాడు. ఆమె వెళ్ళి దుప్పటి పైకి లాగి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రానికి ఆ కుర్చీ మీద పేర్లన్నీ ఖాళీ అయ్యాయి. ఆమె దాన్ని తీసేసింది. తర్వాత నర్సమ్మ అందరికీ టీ తెప్పించింది. ఎవరూ కేకు కోయలేదు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి కదా. క్లయింటు ఆవిడ కాంట్రాక్టు రద్దు చెయ్యలేదు. ఒక షరతు పెట్టారు: ప్రతి నెలా మొదటి స్లయిడులో అన్నిటికంటే పాత ఫిర్యాదు ఉండాలి, అది ఎందుకు ఆగిందో చెప్పాలి, మిగతా బొమ్మలు ఆ తర్వాతే. డెలివరీ హెడ్ గారు ఆ షరతుకి ఒక ఇంగ్లీషు పేరు పెట్టి, తన ఆలోచనగా ప్రధాన కార్యాలయానికి పంపారు. వాళ్ళకి బాగా నచ్చింది. ఆయన వైస్ ప్రెసిడెంట్ అయ్యారు. స్వీట్లు పంచారు, నేను రెండు తీసుకున్నాను.

టాపరు ఆ మీటింగు తర్వాత కొన్నాళ్ళు పాస్‌వర్డ్ టికెట్లు ముట్టుకోలేదు. పాత టికెట్లు తీసి కుస్తీపట్టాడు. అతని కమ్మీ పెరిగింది. అది చూసి అతని కొత్త లీడరు మందలించాడట. ఇప్పుడు సేల్స్‌లో ఉన్నాడు, బాగున్నాడని విన్నాను.

ఇక బాలానగర్ అమ్మాయి. ఆ పాత టికెట్టుని చివరికి మూసింది ఆమె కాబట్టి, ఎండాకాలం నుంచి అది మురిగిన కాలమంతా సిస్టం ఆమె పేరు మీదే రాసింది. ఎక్సలెన్స్‌కి వెళ్ళాక ఆమె మూసింది అదొక్కటే, వరసలో ఒక్కరే నిలబడితే మధ్యవాడూ వాడే. ఆ ఏడాది ఆమెకి వచ్చిన రేటింగు: 'అంచనాలను కొంతవరకు అందుకున్నారు'. నేను వెళ్ళి గొడవపడ్డాను. సిస్టంలో మార్చడం కుదరదన్నారు. ఆమె మాత్రం ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని నవ్వింది, మనసారానే.

"కొంతవరకన్న అందుకున్న కదా మేడం" అని, ఆ నెలాఖరుకి రాజీనామా ఇచ్చింది. ఆ క్లయింటు ఆవిడే తన సెంటర్లన్నిటి సాఫ్ట్‌వేర్ పని చూసుకోమని పిలుచుకున్నారు. అక్కడ ఆమెకి నెలవారీ చార్టులేమీ లేవట. పొద్దున్నే ఒక్కో సెంటరుకూ ఫోన్ చేసి, "ఎవరన్న నిలబడ్డరా?" అని అడుగుతుందట. నిలబడ్డారంటే బయల్దేరుతుందట.

నేను రిటైరయ్యాక ఒకసారి వైస్ ప్రెసిడెంట్ గారు ఫోన్ చేశారు. కొత్తగా చేరిన పిల్లలకి డేటా గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. వెళ్ళాను. శాలువా కప్పారు, చిన్న తులసి మొక్క ఇచ్చారు. నేను పైన మీకు చెప్పినదంతా, కాస్త మర్యాదగా మార్చి, చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. చివర్లో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, ఫైనల్‌గా రిపోర్టులో మీన్ వాడితే మంచిదా, మీడియన్ వాడితే మంచిదా?"

"నువ్వు ఎవరిని దాచాలనుకుంటున్నావో దాన్నిబట్టి ఉంటుందమ్మా" అన్నాను.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అందరూ తలలు వంచి ఫోన్లలో ఆ మాట టైప్ చేసుకున్నారు. ముందు వరసలో వైస్ ప్రెసిడెంట్ గారు, సరిగ్గా వినపడలేదు, ఇంకొక్కసారి చెప్పమన్నారు.